దేవుడు చెప్పలే, నన్నే చెప్పుమన్నరు

గొంతు బొంగురువోయి నెల దాటినా “నీళ్లు మారినయ్, గంతే” అనుకుంట తిరిగేటోళ్లు ఎవరన్నా ఉంటె, ఇది చదువుడు ఇక్కడనే ఆపి డాక్టర్ దగ్గరికి పోండి. పోయొచ్చినంక చదవండి, ఇది యాడికి పోదు. పోయొచ్చి కూడ ఏం చేయాలెనో తోచక ఈ అర్ర నుంచి ఆ అర్రకు, ఆ అర్ర నుంచి ఈ అర్రకు తిరుగుతున్నోళ్లు ఉంటె, అసలు రాస్తున్నది మీ కోసమే. నేను కూడ అట్లనే తిరిగిన. మా ఇంటి గచ్చు మీద నా నడకకు బాట వడ్డది. ఇప్పుడు రోగం పోయిందంటున్నరు గని, నా కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

నాకు మంచిర్యాలల టెంట్ హౌస్ ఉన్నది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైక్ సెట్టు కిరాయికి ఇస్తం. మైకు తీస్కపోయినోళ్లకు నన్ను ఊకెనే ఇస్తం. పెండ్లిల, చర్చి పండుగల, బడి వార్షికోత్సవంల, యాడ మైకు ఉంటె ఆడ ప్రభుదాస్ ఉంటడు. నా గొంతు గురించి నేనే చెప్పుకుంటె గొప్పలైతయ్, చెప్పకుంటె అబద్ధమైతది. నేను మైకుల “బంధుమిత్రులు భోజనాలకు రావాలె” అంటె గోదావరి అవతల గోదావరిఖనిల ఆ పెండ్లికి సంబంధం లేనోళ్లు చేతులు కడుక్కునేటోళ్లు. స్టేషన్ల రైలు కదలాల్నంటె గార్డు నా తట్టు చూసేటోడు. ఇందుల పావు వంతు తగ్గించుకొని చదవండి. ఆ పావు వంతు తగ్గించుడు కూడ నాకు ఇష్టం లేదు, డాక్టరమ్మ అతిగ మాట్లాడద్దన్నదని తగ్గిస్తున్న.

ఎండలు ముదిరే యాళ్ల

పెండ్లిళ్ల కాలం. ఒక పెండ్లిల వరుని పేరు చదువుతుంటె నా గొంతు మధ్యలనే దిగిపోయింది, మోటర్ల నీళ్లు అయిపోయినట్టు. వరుని పేరు సగమే బయటికొచ్చింది. పిల్ల మేనమామ వచ్చి “పూర్తి పేరు చెప్పు, మేం ఇచ్చేది పూర్తి పిల్లను” అన్నడు.

తర్వాత వైద్యం మొదలైంది. మా ఆమె సుగుణ మిరియాల కషాయం పోసింది. నన్ను కన్న మా అవ్వ శొంఠి, బెల్లం ఉండలు చేసి నోట్లె వెట్టింది. ఖాజా భాయ్ తేనె తెచ్చిండు. ఖాజా భాయ్‌ది, నాది ఒక్కటే షెడ్డు, షామియానాలు నావి, జనరేటర్లు ఆయనవి. “ప్రభు భాయ్, జర ఆరాం చెయ్. నీ గొంతు బందైతె నా జనరేటర్‌కు కూడ ఇజ్జత్ ఉండది” అన్నడు. వాడకట్టోళ్లు పసుపు, పటిక, తులసి, కరక్కాయ తెచ్చిన్రు. నా గొంతుల కిరాణ దుకాణం పెట్టొచ్చు, గిరాకీ ఒక్కటే లేదు. గొంతు మాత్రం రాలే.

ఆఖరికి సుగుణ నన్ను బస్సెక్కించి కరీంనగర్ తీస్కపోయింది.

చెవి ముక్కు గొంతు దవాఖానల కూసున్నోళ్లకు తెలుస్తది, ఆడ అందరు సైగలే చేస్తరు. గోడకు టీవీ ఉన్నది, దానికి శబ్దం లేదు. దీనికి కూడ రోగమొచ్చినట్టున్నది అనుకున్న. ఎవరో ఒకామె టీవీల వంకాయ కూర వండుతున్నది. మమ్ముల లోపటికి పిలిచేదాక ఆమె ఆ వంకాయలు కోసుకుంటనే ఉన్నది, ఊరందరికి సరిపోయేటన్ని. నా పక్కన జగిత్యాల దిక్కు ముసలామె, ఆమె పెనిమిటి మెడకు తువాల చుట్టుకొని ఉన్నడు. ఆమె బత్తాయి ఒలిచి పెనిమిటికి ఇచ్చింది, ఇంకో తొన తీసి అడగకుండనే నా చేతిల వెట్టింది. “తిను బిడ్డా. కడుపు ఖాళీగ ఉంటె భయానికి జాగ దొరుకుతది” అన్నది. ఆమె పేరు నాకు తెల్వది. ఆ తొన పులుపు మాత్రం ఇంకా నాలుక మీద ఉన్నది.

పరీక్షకు ముక్క తీసిన్రు, మళ్ల పిలిచిన్రు. డాక్టరమ్మ నా బిడ్డ స్నేహ కంటె ఓ పదేండ్లు పెద్దగ ఉంటరేమో. ఆమె ఆ మాట అన్నది. ఆ మాట మా ఇంట్ల ఎవరం అనం. ‘ఆ రోగం’ అంటం, ఇక్కడ కూడ అట్లనే రాస్త.

“తొందరగ దొరికింది, మంచిదయింది” అన్నరు. “రెండు తొవ్వలున్నయ్. కోసి తీసేయొచ్చు. త్వరగ తేలిపోతది, గని గొంతు ముందటి లెక్క రాదు. లేకుంటె కరెంటు, అంటె రేడియేషన్, పెట్టొచ్చు. కొన్ని వారాలు పడతది, గొంతు చానా వరకు నిలుస్తది. ఒకవేళ మళ్ల వస్తె అప్పుడు పెద్ద ఆపరేషన్ చేయాల్సొస్తది. ప్రాణానికైతె రెండూ దాదాపు ఒక్కటే.”

“మరి ఏది చేద్దమంటరు?”

“మీరే చెప్పాలె.”

నాకు రోగం మాట విన్నప్పటి కంటె ఎక్కువ చెమట ఈ మాటకు వట్టింది. మా ఇంట్ల తలుపులకు ఏ రంగు ఏయాల్నో కూడ నన్ను అడగరు. కూర ఏందో వండినంకనే నాకు తెలుస్తది. గసొంటోన్ని పట్టుకొని గొంతు కావాల్నా, నిమ్మలం కావాల్నా అంటె ఎట్ల?

“అమ్మా, మీకే ఇట్లయితె మీరేం జేస్తరు?”

“నేను మైకుల మాట్లాడను గదా. నాకు గొంతు ఎంత ముఖ్యమో మీకు అంతే కావాలెనని లేదు. నేను చెప్తె అది నా నిర్ణయమైతది, గొంతు మీదైతది. ఇంటికి పోయి మాట్లాడుకోండి. ఆలస్యం మాత్రం చేయకండి.”

మృగశిర ముంగట

ఇంటికొచ్చినంక మా ఇల్లు అసెంబ్లీ అయింది.

సుగుణ కత్తి తట్టు. “తీసేస్తె పీడ పోతది. నీ మైకు లొల్లి వినబట్టి ఇరవై ఏండ్ల పైన అయింది, ఇగ వినకున్నా సరే. నువ్వుంటె చాలు స్నేహ బాపు” అన్నది. మొదటి సగం నవ్వుకుంట అన్నది, రెండో సగానికి వంటింట్లకు పోయింది.

అవ్వ కరెంటు తట్టు. మా బాపు చర్చిల పాట ఎత్తుకునేటోడు, ఆయన ఎత్తుకుంటె అందరు వెనుక పాడేటోళ్లు. నాకు ఊహ వచ్చే యాళ్లకు కడుపుల ఏదో అయి దవాఖానల కోతకు పోయిండు, తిరిగి రాలే. అప్పటి నుంచి అవ్వకు కత్తి అంటె ఒక్కటే అర్థం. “నీ గొంతు నీది గాదు కొడుకా, మీ బాపుది. ఆయనది నాకు మిగిలింది గదొక్కటే. దాన్ని కోయనియ్య” అన్నది.

స్నేహ హైదరాబాద్ల చదువుతున్నది, ఫోన్ల ఏడుస్తది. ఎటు చెప్తె ఏమైతదో అని ఎటూ చెప్పది. సుగుణ, అవ్వ ఒకరితోని ఒకరు మాట్లాడుడు బందు వెట్టిన్రు. ఇద్దరు నాతోనే మాట్లాడుతరు, నాకేమో మాట్లాడొద్దని డాక్టర్ ఆర్డర్. అవ్వ అన్నం వెట్టుకుంట “ఆమెకు చెప్పు, కూరల ఉప్పు లేదని” అంటది, సుగుణ రెండడుగుల దూరంల ఉంటది. నేను ఉప్పు డబ్బా తీసి ఇద్దరి మధ్యల వెట్టి లేచి తిరుగుడు మొదలువెడుత.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరి కంటె పెద్దోన్ని అడుగుదం.

మాది మిషన్ చర్చి కుటుంబం. మా ఇండ్లల్ల వాగ్దానాల డబ్బా అని ఒకటి ఉంటది. అగ్గిపెట్టె కంటె జర పెద్దగ, లోపట వాక్యాలు అచ్చేసిన చిన్న చిన్న చీటీలు. పొద్దుగాల ప్రార్థన అయినంక కండ్లు మూసి ఒకటి తీస్తం, ఆ దినానికి అదే ధైర్యం. అది ధైర్యానికే గని, ఇల్లు కొనాల్నా వద్దా, పిల్లను ఇయ్యాల్నా వద్దా అని అడిగేటందుకు గాదని మా అయ్యగారు, అంటె మా పాస్టర్ గారు, ఏడాదికోసారి ప్రసంగంల గట్టిగ చెప్తడు. మేము తలలు ఊపి ఇంటికొచ్చి మళ్ల అడుగుతం.

నేను మోకాళ్ల మీద కూసొని స్పష్టంగ చెప్పిన: తండ్రీ, కత్తినా, కరెంటా, ఒక్క మాట. చీటీ తీసిన. నా సంతానం విస్తారమైతదని వచ్చింది. నాకు యాబై దాటింది. సుగుణకు చూపిస్తె “ముందు ఆ సంగతి నన్ను అడగాలె” అన్నది. తెల్లారి మళ్ల తీసిన, పొలాల మీద వాన గురించి వచ్చింది. నాకు పొలం లేదు. ఆ మరునాడు శత్రువుల గురించి. నాకున్న శత్రువు నా గొంతుల ఉన్నడు, వాన్ని ఎట్ల చంపాల్నో చీటీల లేదు.

నాకు గుస్సా వచ్చింది. లోకాన్ని మొత్తం మాటతోని చేసిండంటరు. గంత మాటకారికి నా కోసం ఒక్క మాట కరువైందా? కనవడకుండ దాగేటోడు దొంగ గావాలె, లేకుంటె అప్పున్నోడు గావాలె. ఈయనకేం అవసరం? ఇట్ల చర్చి సభ్యుడు అనకూడదు. అన్న. లోపల్నే అన్న, గొంతు లేదు గదా.

అప్పుడే వచ్చింది జవాబు. ఒక పొద్దున చీటీల వెలుగు గురించి వచ్చింది. తెల్లారి వెలుగే. ఆ తెల్లారి కూడ వెలుగే. వెలుగంటె కరెంటు గాక ఇంకేంది? ఎన్ని దినాల సంది బరువుందో గంత బరువు ఒక్కసారి దిగింది. నేను గచ్చు మీద తిరుగుడు ఆపిన. అన్నం రెండు సార్లు అడుక్కొని తిన్న. దేవుడు చెప్పిండు, ఇగ తప్పైనా ఒప్పైనా ఆయన్దే. డాక్టరమ్మకు చెప్పుదమని ఫోన్ చేతిల వట్టుకున్న.

సుగుణ వచ్చి ఫోన్ గుంజుకున్నది. “రోజూ వెలుగే వస్తున్నది. లాటరీల కూడ గిట్ల రాదు” అనుకుంట వాగ్దానాల డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. అన్ని చీటీలు వెలుగే. సంతానం లేదు, వాన లేదు, శత్రువుల్లేరు. ఒక్కటంటె ఒక్కటి వేరేది లేదు.

ఇంట్ల కరెంటు తట్టున్నది అవ్వ ఒక్కతె, ఆమెకేమో చదువు రాదు. చదువు లేకుండ చీటీలు ఏరుడు ఎట్ల? నేను, సుగుణ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. అప్పుడే ఖాజా భాయ్ గల్మ కాడ చెప్పులిడుస్తుండె. డబ్బా చూసిండు, చెప్పులు మళ్ల తొడుక్కున్నడు.

“ఖాజా భాయ్, లోపటికి రా” అన్నది సుగుణ.

“వదినా, నాకు షెడ్డు కాడ జర పనున్నది.”

“రా అంటున్న.”

వచ్చిండు. తల గోక్కున్నడు. “అమ్మ చదువుమన్నది. చదివిన. వెలుగువి పక్కన వెట్టుమన్నది, వెట్టిన. తక్కువయినయ్ అంటె చర్చి కాడ ఇంకో రెండు డబ్బాలు కొనుక్కొచ్చిన. అమ్మ చెప్తె నేను కాదంటనా భాయ్? మీ వాక్యాలు చదువుకుంట కూసుంటె నాకే సుకూన్ అయింది, మనసు నిమ్మలమైంది.”

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు దగ్గయింది, దగ్గు గుస్సా అయింది. అవ్వ ముంగటికి పోయి నిలవడ్డ. ఆమె ఆకు నములుతున్నది. కొంచెం కూడ బెదరలే.

“గిదేంది అవ్వా? దేవుని పేరు మీద?”

“ఆయన మాట్లాడకపాయె, నేను మాట్లాడిన.”

“గట్ల చేస్తరా?”

“మీ బాపును కోతకు తీస్కపోయిన నాడు కూడ దేవుడు మాట్లాడలే. నేను కూడ మాట్లాడలే. ఏమయింది?” అన్నది అవ్వ. “ఆయన నోరు మూసుకుంటె నేను కూడ మూసుకోవాల్నా కొడుకా?”

బయటికొచ్చి చెప్పులు కూడ తొడుక్కోకుండ చర్చి తొవ్వ వట్టిన.

వానలు మొదలైనంక

చర్చి ఆవరణల తెల్లారి పెండ్లికి మా షామియానానే ఏసున్నది. రాత్రి వానకు కుర్చీలు తడిసినయ్. అయ్యగారు ఒక బట్ట వట్టుకొని కుర్చీలు తుడుస్తున్నడు. నేను కూడ ఒక బట్ట తీస్కున్న.

“అయ్యగారూ, దేవుడు ఎందుకు కనవడడు?”

“పొద్దుగాల ఛాయ్ తాగినవా?”

“తాగలే.”

“తాగి అడుగుదువు.”

“తాగినా గదే అడుగుత.”

ఆయన ఒక కుర్చీ తుడిచి బోర్లించిండు. “కనవడి చెప్పిండనుకో. కాదంటవా?”

“ఎట్లంట?”

“మరి కాదననీకి రానోడు అవునంటె, అది అవునెట్లయితది?”

“నేను కనవడుమంటలేను. జర దగ్గుమను. ఎడమ తట్టు దగ్గితె కత్తి, కుడి తట్టు దగ్గితె కరెంటు.”

“మీ అవ్వ దగ్గింది గదా” అన్నడు. నేను ఉలిక్కివడ్డ. ఖాజా భాయ్ నా కంటె ముందే ఫోన్ చేసి క్షమించుమని అడిగిండట. “చీటీ చూసి నువ్వేం చేసినవ్?”

“డాక్టర్‌కు ఫోన్ చేయవోయిన.”

“కరెంటే ఎందుకని ఒక్కసారన్న ఆలోచించినవా?”

“దేవుడే చెప్పినంక ఆలోచనెందుకు?”

“గందుకే చెప్తలేడేమో.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాటను పట్టుకొనే ముందు వరుస దాక తుడుసుకుంట పోయిన. మా టెంట్ హౌస్‌ల ఎర్ర మఖ్మల్ కుర్చీ ఒకటుంటది, సింహాసనం లెక్క, పెద్ద మనుషుల కోసం. ఎవరన్నా పెద్ద నాయకుడు వచ్చి దాంట్ల కూసున్నడంటె చూడాలె. జోకు అయిపోక ముందే అందరు నవ్వుతరు. రెండోసారి మటన్ ఎవరూ అడగరు. పదేండ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు భుజాల మీద చేతులేసుకుంటరు. నాయకుడు లేచి కారెక్కంగనే ఒకని గల్ల ఒకడు వడుతడు. నేను మైకు కాడి నుంచి వందల సార్లు చూసిన. దేవుడు గనుక వచ్చి ఆ కుర్చీల కూసుంటె లోకమంత ఎంత మంచిగ ఉంటదో. ఎంత మంచిగున్నా ఒక్కనిది కూడ మంచితనం గాదు.

ఇది ఎవరి పుస్తకంల చదవలే, నా కుర్చీలల్ల నేనే చదువుకున్న. అయ్యగారికి కూడ గదే చెప్పిన. ఆ దినం నాకు సమజ్ అయినట్టే అనిపించింది. గని నేను నిలకడ మనిషిని గాదు. ఇంకో నాలుగు కుర్చీలు తుడిచే యాళ్లకు మళ్ల పురుగు దొలిచింది.

“సరే అయ్యగారూ. పెద్దోళ్లకు స్వేచ్ఛ ఇచ్చేటందుకు తాను దాగిండు, ఒప్పుకుంట. కరీంనగర్ దవాఖానల ఓ చిన్న పిల్లను చూసిన, బడికి కూడ పోయే ఈడు గాదు. మెడకు కట్టుంది. నాయిన ఒళ్లె కూసొని నా మీసాలు చూసి నవ్వింది. ఆ పిల్లకు ఏం స్వేచ్ఛ ఇద్దమని దాగిండు?”

అయ్యగారు తుడుసుడు ఆపిండు. ఆయన భార్య చనిపోయి మూడు నాలుగేండ్లయితది, చానా దినాలు మంచంల ఉన్నది. ఇగ ప్రసంగం మొదలైతదనుకున్న.

“తెల్వది తమ్ముడూ” అన్నడు. “మా ఇంట్లామె మంచంల వడ్డప్పటి నుంచి అడుగుతున్న. నువ్వు చెప్పిన కుర్చీ ముచ్చట నాకు కూడ నచ్చింది. గని గసొంటి మాట మంచం కాడ నిలవడలే.”

బట్ట పిండి మళ్ల కుర్చీ అందుకున్నడు. తెల్వనిది తెల్వదన్నందుకు ఆయన మీద నాకు ఆ దినం నుంచి ఎక్కడలేని నమ్మకం వచ్చింది. ఇద్దరం ఆ కుర్చీలన్ని తుడిచినం. అయిపోంగనే మళ్ల వాన కొట్టింది.

ఇంటికి తడుసుకుంట వచ్చిన. ఇన్ని దినాలు నేను అడిగింది సుగుణ ఏమంటది, అవ్వ ఏమంటది, ఆయన ఏమంటడు అనే. నన్ను నేను అడగలే. అడుగుడు మొదలువెట్టినంక చానా సేపేం పట్టలే. గొంతు నాకు ప్రాణమే. గని ప్రతి దగ్గుకు ‘మళ్ల వచ్చిందా’ అని ఉలిక్కివడుకుంట బతుకుడు నాతోని గాదు. నేను పుట్టుకతోనే కాలు నిలవని మనిషిని. ఇంకొకరైతె నిబ్బరంగ ఉండి గొంతు కాపాడుకుందురు, వాళ్లు చేసేది వాళ్లకు ఒప్పే. నాకు మాత్రం కత్తి. ఈ మాట రాసుడు అల్కగున్నది. ఆ దినం అది కడుపుల నుంచి నోటి దాక వచ్చేటందుకు ఆదిలాబాద్ దాక నడిచొచ్చినంత పనయింది.

సుగుణకు చెప్తె కండ్లు తుడుసుకొని బియ్యం కడిగింది. అవ్వకు చెప్పుడే కష్టమయింది. ఆమె మంచం పక్కన కింద కూసున్న.

“అవ్వా, కోయించుకుంట.”

“ఎవరు చెప్పిన్రు? అదా?” అని వంటింటి తట్టు చూసింది.

“ఎవరు చెప్పలే. నేనే.”

“మీ బాపు గొంతు…”

“నాకెరుకనే అవ్వా.”

నమిలిన ఆకు ఉమ్మేసింది. నేను ఆమె ఏడుస్తదనుకున్న, తిడుతదనుకున్న, మళ్ల దేవుని పేరు తీస్తదనుకున్న. ఏం చేయలే.

“నాకైతె ఇష్టం లేదు” అన్నది ఆఖరికి. “దవాఖానకు నేను గూడ వస్త. సంచిల నా చీరలు వెట్టుమను ఆమెకు.”

కరీంనగర్‌కు ఖాజా భాయ్ జనరేటర్ దింపి తన ట్రాలీ ఆటోల మమ్ముల ఎక్కించుకున్నడు. అవ్వ ముంగట సీట్ల కూసున్నది. ఆపరేషన్ దినం నన్ను లోపటికి తీస్కపోతుంటె ఆమె ప్రార్థన చేయలే, చీటీ ఇయ్యలే, బాగైతది అని కూడ అనలే. నా కాలి బొటనవేలు వట్టుకొని తలుపు దాక వచ్చి ఇడిచిపెట్టింది. అవతల ఆమె, సుగుణ ఒక్క బెంచీ మీద కూసున్నరట. ఉప్పు గురించి నేరుగ మాట్లాడుకున్నరట.

పండుగల కాలం

ఆపరేషన్ అయినంక వారాల తరబడి మాట్లాడొద్దన్నరు. మంచిర్యాల జనాభా పెరిగింది ఆ నిశ్శబ్దం చూసి వలస వచ్చినోళ్లతోనేనని నా నమ్మకం. పెండ్లిళ్లల్ల నా బదులు ఖాజా భాయ్ మైకు వట్టిండు. “దుల్హా తరఫ్ వాళ్లు జర జల్ది తినాలె, వెనుక చానా మంది పరేషాన్ ఉన్నరు” అని చెప్పిండట. జనం బాగా నవ్విన్రట. నాకు కడుపు మండింది. కడుపు మండితె బాగైతున్నట్టే అన్నది సుగుణ.

ఇప్పుడు గొంతు వచ్చింది. ఇనుప బల్లను గచ్చు మీద గుంజినట్టుంటది. క్రిస్మస్‌కు చర్చిల పాట ఎవరో ఎత్తుకున్నరు, నేను వెనుక వరుసల పెదవులు ఆడించిన. అవ్వ నా తట్టు చూసి చూపు తిప్పుకున్నది. అప్పుడు నాకు మళ్ల వచ్చింది పరేషాన్. కరెంటు పెట్టించుకుంటె ఇట్ల ఉండకపోతుండెనా? తెల్వది. ఎన్నడు తెల్వది. సరిగ్గ చేసినవ్ ప్రభుదాస్ అని పైనుంచి ఏ మాటా రాలే, తప్పు చేసినవని కూడ రాలే. పరీక్షలకు పోయినప్పుడల్ల డాక్టరమ్మ బాగుందంటది. ఇంటికొచ్చి గచ్చు మీద జర సేపు తిరుగుత.

మొన్న చెన్నూరు దిక్కు నుంచి మల్లేశమని ఒకాయన వచ్చిండు. ఒగ్గు కథ చెప్తడు. రాత్రంతా డోలు మీద గొంతు లేపి పాడుడే ఆయన బతుకు, తాత నుంచి వచ్చిన విద్య. అదే రోగం, అదే దవాఖాన, అదే మాట. డాక్టరమ్మ ఈయన్ని కూడ మీరే చెప్పుమన్నదట. కరీంనగర్ పోయే తొవ్వల నా ముచ్చట ఎవరో చెప్తె దిగి షెడ్డుకు వచ్చిండు.

“అన్నా, నువ్వు దాటినోనివి. కత్తినా, కరెంటా? ఒక్క మాట చెప్పు. నువ్వేదంటె గది.”

నేను ఎంత మాటకారినో ముందే చెప్పిన. నా జన్మల నాలుకకు గంత దురద ఎన్నడు వుట్టలే. కత్తి అనొచ్చు, నాకు బాగయింది గదా. కరెంటు అనొచ్చు, ఈయన గొంతు వోతె కథ వోతది. ఏదన్నా వింటడు, ఆయన కండ్లల్ల కనవడుతనే ఉన్నది. నేను చీటీ తీసినప్పుడు నా ముఖం గట్లనే ఉండి ఉంటది. చెప్పిన్నంటె ఇప్పుడే లేచి రెండుసార్లు అన్నం అడుక్కొని తింటడు.

కుర్చీ ఏసి కూసోవెట్టిన. ఛాయ్ చెప్పిన. కత్తి తర్వాత ఎట్లుంటదో చెప్పిన, నా గొంతు ఇట్లయింది విను అన్న. కరెంటు పెట్టించుకున్నోళ్లను దవాఖానల చూసిన, వాళ్లు చెప్పింది చెప్పిన. దాసకుండ అన్ని చెప్పిన. ఒక్కటే చెప్పలే.

మల్లేశం ఛాయ్ గ్లాసు కింద వెట్టిండు. “ఎటూ చెప్పవా?”

“నీ గొంతు నాకెరుక లేదు మల్లేశం. నీకెరుక.”

“నీ పీడ వోయింది గదా, నీకేంది. నువ్వసలు మనిషివేనా?” అని తువాల దులిపి భుజాన ఏసుకొని బస్టాండ్ తట్టు నడిచిండు.

ఖాజా భాయ్ నా తట్టు చూసిండు. “చెప్తె ఏమయితుండె భాయ్? గంత దూరం నుంచి వచ్చిండు” అన్నడు. షెడ్డు చూసుకొమ్మని సైగ చేసి ఉరికిన.

కరీంనగర్ బస్సు కదలవోతున్నది. మల్లేశం కిటికీ పక్కన కూసున్నడు. నేను ఎక్కి ఆయన పక్క సీట్ల కూసున్న. ఒక్కసారి చూసి ముఖం కిటికీ తట్టు తిప్పుకున్నడు. గోదావరి దాటినం, గోదావరిఖని దాటినం. నా లోపల మాటలు గిన్నెల మూత ఎగిరినట్టు ఎగురుతున్నయ్. పళ్లు బిగవట్టుకొని కూసున్న.

పెద్దపల్లి దాటినంక ఆయన కిటికీ నుంచి తల తిప్పకుండనే అడిగిండు.

“నువ్వెందుకొస్తున్నవ్?”

“ఊకెనే.”

“మళ్ల వాపస్ ఎప్పుడు వోతవ్?”

“నువ్వు డాక్టరమ్మకు ఏదో ఒకటి చెప్పినంక.”

సుల్తానాబాద్ కాడ కిటికీల నుంచి ఎండ నా ముఖం మీద వడ్డది. మల్లేశం తన భుజం మీది తువాల తీసి కిటికీకి అడ్డం కట్టిండు.